ఇంటికో మనిషి

బందరు కోనేరు సెంటర్లో తోపుడుబండి మీద వరసగా వేలాడదీసిన రబ్బరు ముసుగుల్లో ఒకదాన్ని ఆరేళ్ళ మా మనవడు అభి పట్టుబట్టి కొనిపించుకుని, అక్కడికక్కడే నెత్తిమీంచి లాక్కుని, "నేనెవరో చెప్పుకో అమ్మమ్మా" అని మొహం నా మొహానికి దగ్గరగా పెట్టాడు. ముద్దు పెట్టుకుందామని వంగినదాన్ని, ఆ వాసన తగిలి అలాగే ఉండిపోయాను. పొద్దుటినుంచీ ఎండలో కాగిన నల్లరబ్బరు వాసన. దానికి కాస్త గ్రీజూ, కాస్త వాననీళ్ళూ, ఎండుచేపల బుట్ట పక్కన వేలాడిన చెమ్మా కలిపితే మా నాన్న రెయిన్‌కోటు అవుతుంది. అవన్నీ నా ముక్కు తనే కలిపేసుకుంది. నలభై అయిదేళ్ళ తరవాత, బస్సులూ ఆటోలూ హారన్లు కొట్టుకుంటున్న ఆ సెంటర్లో, మా నాన్న వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. అభికేం తెలుసు, "చెప్పు, చెప్పు" అని నా చీరకుచ్చెళ్ళు గుంజుతున్నాడు.

మా నాన్న పేరు దేవసహాయం. దివిసీమ చివర్లో, సముద్రపు హోరు వినపడేంత దూరంలో, పెద్ద మురుగుకాలవకు అడ్డంగా కట్టిన తూము దగ్గర లస్కరుగా పనిచేసేవాడు. లస్కరంటే ఈ కాలం పిల్లలకు తెలియదు గాని, కాలవల శాఖలో అందరికన్నా కింద ఉండే ఉద్యోగి. పై ఆఫీసర్లకు కాగితాల మీద కనపడే నీళ్ళు ఆయనకు మోకాళ్ళ దాకా కనపడతాయి. సముద్రం పోటు మీదున్నప్పుడు తూము తలుపులు దించెయ్యాలి, లేకపోతే ఉప్పునీళ్ళు కాలవలోకి ఎదురెక్కి చేలల్లో పడతాయి. ఆటు వచ్చి సముద్రం తగ్గినప్పుడు తలుపులు ఎత్తాలి, లేకపోతే పైనుంచి వచ్చిన వాననీళ్ళు పోయే దారిలేక వరి కుళ్ళిపోతుంది. ఈ పనికని సర్కారువాళ్ళు ఆయనకొక సైకిలూ, ఒక నల్లరబ్బరు రెయిన్‌కోటూ ఇచ్చారు. ఆ కోటు ఎవరో ఆరడుగుల మనిషి కొలతలకు కుట్టింది. మా నాన్న పొట్టిమనిషి. మెడ దగ్గర బొత్తాం ఒక్కటే మిగలడం వల్ల, తూర్పుగాలికి ఎదురుగా గట్టు మీద ఆయన సైకిలు తొక్కుకుంటూ వస్తుంటే ఆ కోటు వెనకాల బారెడు పొడుగున ఎగురుతూ ఉండేది.

తూము పక్కనే రెండు గదుల పెంకుటిల్లు మాది. గట్టు దిగి కాస్త నడిస్తే మా పల్లె, పల్లె మధ్య సున్నం కొట్టిన చిన్న చర్చి. కార్తీకమాసంలో కుండలో తంపట వేసి కాల్చిన తేగల్ని వేడివేడిగా చీల్చుకుని మధ్యలోని చందమామ ఎవరికొచ్చిందని కొట్టుకోవడం, వేసవిలో ముంజెలు తిని ఆ కాయలకే కర్ర గుచ్చి బండ్లు తోలుకోవడం, వానాకాలం మొదటి తడికి గట్టు మీదికి ఎక్కొచ్చే పీతల్ని చిల్లుల గిన్నె కింద మూసి పట్టడం, డిసెంబరు వచ్చిందంటే వెదురుబద్దల నక్షత్రానికి రంగుకాగితాలు అంటిస్తూ వేళ్ళకంటిన మైదాజిగురును నాకడం, అమ్మ అరిసెల పాకం పట్టేటప్పుడు ఉండపాకం వచ్చిందో లేదో చూసిపెడతానని నీళ్ళ పళ్ళెంలో వేసిన పాకం ముద్దలన్నీ నేనే మింగెయ్యడం, ఇవీ మా ఋతువులు. దీపావళికి టపాకాయలు లేకపోయినా మాకు కొరతేం లేదు. పోటూ ఆటూ పెట్టే చప్పుళ్ళు చాలు.

తూముకు అయిదు తలుపులు, ఒక్కో తలుపుకు ఒక్కో ఇనపచక్రం ఉండేది. చక్రానికి ఇటు ఇద్దరు, అటు ఇద్దరు, నలుగురు పట్టాలి. ఎత్తడానికి బలం కావాలి. దించడానికి అంతకన్నా ఎక్కువ పట్టు కావాలి, ఎందుకంటే తలుపు బరువుకు చక్రం దానంతటదే గిర్రున తిరగబోతుంది. నలుగురూ కలిసి ఆపుతూ, ఆపుతూ వదలాలి. మామూలు రోజుల్లో నాన్నతో కలిసి చక్రం పట్టడానికి వంతుల ప్రకారం మనుషులు వచ్చేవాళ్ళు. వాయుగుండం అని రేడియోలో చెప్పిన రోజున మాత్రం ఏసోబు తాత డప్పు మెడలో వేసుకుని "ఇంటికో మనిషి తూము కాడికి రావాలహో" అని చుట్టుపక్కల పల్లెలన్నీ మూడుసార్లు తిరిగేవాడు. నలభై ఎకరాల ఆసామి ఇల్లయినా, ఊడ్పులకు పోయే కూలీ ఇల్లయినా ఇంటికో మనిషి రావలసిందే. మగదిక్కులేని ఇంటినుంచి ముసలమ్మ మజ్జిగ ముంత పట్టుకుని వచ్చినా ఆ ఇంటి మనిషి వచ్చినట్టే. మావాళ్ళు చర్చి పాట అందుకుంటే చరణానికి పన్నెండు చుట్లు తిరిగేది చక్రం. ఆ పాటలు రాని అవతలి గట్టు చేపలవాళ్ళు హైలెస్సా అంటూ వాళ్ళ లెక్క వాళ్ళు చూసుకునేవాళ్ళు. ఎవరి పాటకైనా తలుపు కదిలేది.

నిజం చెప్పొద్దూ, నాకు అదంతా చిరాగ్గా ఉండేది. గట్టు మీద కోటు ఎగరేసుకుంటూ ఒక్కడే వచ్చే మా నాన్న ఎంత బాగుండేవాడో, చక్రం దగ్గర చెమటలు కక్కుతూ వంగిన వీపుల్లో ఒక వీపుగా అంత సాదాగా ఉండేవాడు. ఏ వీపు మా నాన్నదో పోల్చుకోవడానికి నేను బనీను చిరుగులు వెతుక్కోవలసి వచ్చేది.

ఈ చిరాకుకు బందరునుంచి మందు తెచ్చినవాడు ఖాదర్ మావయ్య. ఆయన రోల్డుగోల్డు గొలుసులూ గాజులూ పెట్టె నిండా సర్దుకుని ప్రతి శనివారం బస్సులో వచ్చి మా పల్లెల్లో అమ్ముకునేవాడు. మధ్యాహ్నం మా వరండాలో కూర్చుని అమ్మ పెట్టిన గోంగూర పచ్చడితో అన్నం తిని, అందుకు బదులుగా పండక్కి హల్వా పొట్లం, మామూలు రోజుల్లో నాకు పాత బొమ్మలకథల పుస్తకాలు తెచ్చేవాడు. అట్టలు చిరిగిపోయిన పుస్తకాలు కాబట్టి వాటిలో వీరుడి పేరేంటో నాకు చాలా వాటికి తెలిసేది కాదు. వాడు ముసుగేసుకుంటాడు, ఎగురుతాడు, పడిపోతున్న వంతెనను భుజంతో ఆపుతాడు, అందరూ తలెత్తి చూస్తారు, వాడు ఎటో వెళ్ళిపోతాడు. నేను ఆ పేజీలు నమిలి మింగేదాన్ని. ఒకసారి ఖాదర్ మావయ్య నా భుజం మీంచి తొంగిచూసి, "వంతెన కట్టినోళ్ళు ఒక్కళ్ళూ కనపడరేంటమ్మా ఇందులో? సెలవు పెట్టారా?" అని నవ్వాడు. పెద్దవాళ్ళకు ఇలాంటివి అర్థం కావని జాలిపడ్డాను.

ఆ ఏడు క్రిస్మస్‌కు సండే స్కూలు పిల్లలందరూ ఏదో ఒకటి చెయ్యాలన్నారు. నేను నలభై పేజీల పుస్తకంలో సొంతంగా ఒక బొమ్మల కథ రాశాను. పేరు తూము వీరుడు. ఆకాశానికి బట్టల నీలిమందు, రెయిన్‌కోటుకు పొయ్యిలో బొగ్గు. ఉప్పెన వస్తుంది, ఊరంతా ఏడుస్తుంది, నల్లకోటు వీరుడు గాలిలో ఎగిరొచ్చి నలుగురు పట్టే చక్రాన్ని ఒంటిచేత్తో తిప్పేస్తాడు. చివరి పేజీలో జనమంతా గట్టు మీద చేతులు జోడించి నిలబడతారు. మొహాలు వెయ్యడం రాక వాళ్ళకు సున్నాలు చుట్టి సరిపెట్టాను. పండగనాడు నాన్న కోటు తొడుక్కుని, అది నేలమీద ఈడుస్తూ, చర్చి మెట్టెక్కి ఆ కథ గొంతు చించుకుని చదివాను. జనం నవ్వి నవ్వి చప్పట్లు కొట్టారు. వెనకవరసలో నాన్న తల దించుకుని సిగ్గుపడుతూ, మధ్యమధ్య అటూ ఇటూ చూసుకుంటూ నవ్వడం నాకు కనపడింది.

ఇంటికొచ్చాక అరిసె కొరుకుతూ, "బానే ఉంది గాని అమ్మలూ, మిగతా ముగ్గురూ ఏరే?" అన్నాడు.

"వీరుడికి ముగ్గురెందుకు నాన్నా?"

ఆయన అరిసె తినేసి చెయ్యి కడుక్కున్నాడు.

ఆ మర్నాటినుంచీ మా నాన్న ఊరందరికీ వీరుడైపోయాడు. లస్కరు గారూ అనేవాళ్ళు కూడా "ఏం వీరుడూ, ఎటు బయల్దేరావు?" అని వేళాకోళం మొదలుపెట్టారు. వేళాకోళమే, అందులో చెడుబుద్ధి లేదు. అయితే ఎండాకాలం వచ్చేసరికి, చక్రం వంతు ఉన్నవాడు "ఇయ్యాల్టికి నువ్వు కానిచ్చెయ్యి వీరుడూ" అని నవ్వి చేలోకి వెళ్ళిపోవడం, నాన్న కూడా నవ్వి సరేలే అనడం మామూలైంది. నలుగురు ముగ్గురయ్యారు. ముగ్గురితో చక్రం మొరాయిస్తే నాన్న ఇద్దరి బరువూ తన మీద వేసుకునేవాడు. అది చూసి నేను మురిసిపోయేదాన్ని.

మళ్ళీ కార్తీకం వచ్చింది. మూడురోజులు ముసురు పట్టి, మురుగుకాలవ గట్టు అంచుదాకా నిండి, నాన్న తలుపులన్నీ ఎత్తించి ఉంచాడు. మూడోనాడు పొద్దున గాలి తూర్పుకు తిరిగింది. మధ్యాహ్నానికి పోటు ఉంది, ఆలోపల అయిదు తలుపులూ దించెయ్యాలి. ఏసోబు తాత డప్పుతో ఒక చుట్టు తిరిగి వచ్చాడు. ఎవరూ రాలేదు. అమ్మ నన్ను గోనెసంచి కప్పుకుని రమ్మని చెయ్యిపట్టుకుని పల్లెలోకి పరిగెత్తింది. ఇళ్ళ కప్పులు లేచిపోకుండా మగవాళ్ళంతా తాళ్ళు బిగిస్తున్నారు. "తూము కాడ మా ఆయనా, ఏసోబు బాబాయీ ఇద్దరే ఉన్నారయ్యా" అని అమ్మ ప్రతి గుమ్మం దగ్గరా అరుస్తోంది. కప్పు మీదనుంచి ఒకాయన, "వీరుడున్నాడుగా వదినా! ఒంటిచేత్తో తిప్పేస్తాడని మీ రూతే చెప్పిందిగా. ఈ నాలుగు ముళ్ళూ వేసుకుని వచ్చేస్తాం" అన్నాడు. పక్కింటి కప్పు మీద ఇంకొకాయన నవ్వాడు. అమ్మ నా వంక చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది, అందులో కోపం లేదు.

మేము తిరిగొచ్చేసరికి రెండు తలుపులు దిగి ఉన్నాయి. మూడో చక్రం దగ్గర ఇటు నాన్న, అటు ఏసోబు తాత. గాలికి కోటు సరిగ్గా నేను బొగ్గుతో వేసినట్టే ఎగురుతోంది. తాత కాలు నాచు మీద జారింది. ఆయన చెయ్యి వదిలేసి పడిపోయాడు. నాన్న వదల్లేదు. చక్రం గిర్రున తిరగడం, నాన్న దానితో పాటు లేచి పడటం, చెరుకుగడ విరిచినట్టు చప్పుడు, అమ్మ కేక, అన్నీ ఒక్కసారే. కాసేపటికి పల్లెవాళ్ళూ, అవతలి గట్టు చేపలవాళ్ళూ పదిహేనుమంది వచ్చారు. చక్రానికి నలుగురు చొప్పున పట్టి మిగిలిన తలుపులు చూస్తుండగానే దించేశారు. అప్పటికే ఉప్పునీళ్ళు చేలల్లోకి పోయాయి. నాన్నను నులకమంచం మీద వేసుకుని, ట్రాక్టరెక్కించి, బందరు తీసుకెళ్ళినవాళ్ళు కూడా వాళ్ళే. దారంతా ఆ కప్పు మీది మనిషి నాన్న తల తన ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తూనే ఉన్నాడట.

ఎముకలు అతుక్కున్నాయి గాని నాన్న కుడిచెయ్యి మళ్ళీ లేవలేదు. ఆ ఏడు మా పల్లె చుట్టూ వరి గింజ పట్టకుండానే ఎర్రబారి ఎండిపోయింది. ఖాదర్ మావయ్య ఆసుపత్రికి హల్వా తెచ్చాడు, బొమ్మల పుస్తకం తేలేదు. నన్ను బందరులో మిషన్ హాస్టల్లో వేశారు. వెళ్ళేముందు అమ్మ నాకు జడ వేస్తూ, "ఆ కప్పు మీది మాట నాన్న చెవిన పడనీకు" అంది. అరవనూ లేదు, కొట్టనూ లేదు. కొడితే బాగుండేది. అయిదారు నెలలు ఆ మాట కడుపులో పెట్టుకుని, ప్రార్థనకు మోకరించినప్పుడల్లా అదే గుర్తొచ్చి, దేవుడికి తప్ప ఎవరికీ చెప్పలేక చిక్కిపోయాను. నా కథ వల్లే జనం రాలేదని ఇప్పటికీ గట్టిగా అనలేను. ఎవరి కప్పు వాళ్ళకు ముఖ్యం. కాని సాకు మాత్రం నేనే అందించాను.

వేసవి సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు నాన్న వరండాలో కూర్చుని ఎడంచేత్తో సంతకం నేర్చుకుంటున్నాడు. పక్కన అమ్మ కొట్టి పెట్టిన ముంజెలు. నేను ఇంక ఆపుకోలేక అంతా చెప్పేశాను. కప్పు మీది మాట, పక్కింటాయన నవ్వు, అన్నీ. నాన్న కాలవ వంక తిరిగాడు.

"మూడుసార్లు డప్పు వెయ్యాలిగా," అన్నాడు. "ఏసోబు తాత మళ్ళీ తిరిగొస్తానన్నాడు. నేనే వద్దన్నానే. మనిద్దరం చాలుతాం లే బాబాయీ అన్నా. అందరూ వీరుడు వీరుడంటుంటే నాకూ బానే ఉండేదమ్మలూ."

నా పుస్తకం తెమ్మన్నాడు. ఒంటిచేత్తో చక్రం తిప్పే బొమ్మ ఉన్న పేజీ తీసి, ఎడంచేత్తో పెన్సిలు పిడికిలి బిగించి పట్టుకుని, చక్రం చుట్టూ ముగ్గురు మనుషుల్ని గీశాడు. వంకరటింకర గీతలు. ఒక్కొక్కడిని గీస్తూ వాడి పేరు చెప్పాడు. ఎవడు ఎడమచేతివాటమో, ఎవడికి ఊపిరెక్కువో, ఎవడు పాట ముందు అందుకుంటాడో చెప్పాడు. నేను మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడుస్తున్నాను. పెన్సిలు కింద పెట్టి, "ఆఁ, ఇప్పుడు కదులుద్ది" అన్నాడు.

నేను పెరిగి గుడివాడలో సోషల్ టీచర్నయ్యాను. వాన వచ్చి ఊరు మునిగితే ఏం చేస్తారో బొమ్మ వెయ్యమంటే మా ఆరో తరగతి పిల్లలు ముప్ఫై మందీ ఎగిరొచ్చేవాణ్ణే వేస్తారు. పార పట్టినవాణ్ణి ఒక్కడూ వెయ్యడు. ఆ కథల్లో ఉన్నది ఉత్త సరదా అని చాలామంది అంటారు. రూతు టీచరు అన్నిట్లోనూ రాజకీయం వెతుకుతుందని మా స్టాఫ్‌రూములో నవ్వుకుంటారు. వెతకనక్కర్లేదు, అది పైకే కనపడుతూ ఉంటుంది. ఆ వీరుణ్ణి ఎవరూ ఎన్నుకోరు, వాడు ఎవరికీ జవాబు చెప్పడు, మొహం కూడా చూపించడు. వాడొచ్చి దొంగను పట్టుకుని వెళ్ళాక మేడలు మేడల్లాగే ఉంటాయి, పాకలు పాకల్లాగే ఉంటాయి, కాలవ చివరి చేలకు నీళ్ళు ఎందుకు రావో ఏ పేజీలోనూ ఎవరూ అడగరు. జనానికి ఉన్న పనల్లా తలెత్తి చూడటం, చప్పట్లు కొట్టడం. పుస్తకాల్లోనే ఉంటే నాకింత దుఃఖం ఉండేది కాదు. మొన్న మా స్కూలు గేటుకు ఎదురుగా ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టారు. తల ఆయనది, కండలు తిరిగిన ఒళ్ళూ ఎర్ర వస్త్రమూ బొమ్మల పుస్తకంలోవి, కింద చేతులు జోడించిన జనం. దూరం నుంచి వాళ్ళ మొహాలు సున్నాల్లాగే ఉన్నాయి. పన్నెండేళ్ళ వయసులో నేను మానేసిన బొమ్మను ఎవరో అంత పెద్దగా వేసి కట్టారనిపించి, ఆ రోజు పాఠం సరిగ్గా చెప్పలేకపోయాను.

ఇప్పుడు మా తూముకు మోటారు పెట్టారు. స్విచ్చి నొక్కితే తలుపులు దిగుతాయి, కరెంటు ఉంటే. వాయుగుండం కబురు అందరి ఫోన్లలోకీ వస్తుంది, అందరూ చూసి దండం బొమ్మ పెడతారు. వరిచేలు రొయ్యల చెరువులయ్యాయి. ఉప్పునీళ్ళు రాకూడదని మా నాన్న చెయ్యి పోగొట్టుకున్న చోట ఇప్పుడు ఇంజన్లు పెట్టి ఉప్పునీళ్ళను లోపలికి తోడుకుంటున్నారు. ఏసోబు తాత పోయాక ఆ డప్పు మళ్ళీ ఎవరి మెడలోనూ చూడలేదు. రెయిన్‌కోటు కొన్నాళ్ళు కట్టెల మోపు మీద కప్పు అయి, పెళుసుబారి ముక్కలైపోయింది. మేము తూము ఇల్లు ఖాళీ చేసినప్పుడు నా బొమ్మల పుస్తకం చెదలు పట్టిన కాగితాలతో పాటు ఎటు పోయిందో పోయింది. నాన్న పోయి కూడా పందొమ్మిదేళ్ళు.

అభిని సెలవులకు గుడివాడ తీసుకెళ్తూ బస్సులో వాడికి ఇదంతా, ఆరేళ్ళ పిల్లాడికి తగినంత మేరకు, చెప్పాను. ముసుగు నుదుటిమీదికి నెట్టుకుని శ్రద్ధగా విన్నాడు. మొదట్లో "ఒక్కడు చాలుగా" అన్నాడు. చక్రం తిరగబడిన చోట నా వేలు గట్టిగా పట్టుకున్నాడు. ముత్తాత ముగ్గుర్ని గీశాడని చెప్పగానే వాడి మొహం వెలిగింది.

"వాళ్ళ పేర్లేంటి అమ్మమ్మా?"

చెప్పబోయాను. ఒకటి ఏసోబు. మిగతా రెండూ అవతలి గట్టువాళ్ళవి. నాన్న విడమరిచి చెప్పాడు, పక్కనే కూర్చుని విన్నాను, విని ఏడుస్తూ ఉండిపోయాను. ఒకడు ఎడమచేతివాటం వాడు, అంతే గుర్తుంది. కళ్ళు మూసుకుని వెతికాను. ఆ ఇద్దరి మొహాలున్న చోట నేను చుట్టిన సున్నాలే ఉన్నాయి.

పెడన దాటింది. గుడ్లవల్లేరు కూడా దాటింది. వాడు "చెప్పు అమ్మమ్మా, చెప్పు" అని అడుగుతూనే ఉన్నాడు.